ప్రయోగశాల బండెక్కిన కథ

రెండు బెలూన్లను దారాలకు కట్టి, బెత్తెడు ఎడంగా వేలాడదీసి, వాటి మధ్య గట్టిగా ఊదితే ఏమవుతుందో అడగండి. దూరంగా పోతాయనే పిల్లలంతా అంటారు. పోవు, దగ్గరికొచ్చి గుద్దుకుంటాయి. మధ్యలో గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గితే, బయటి గాలి వాటిని లోపలికి నెడుతుంది. ఆ ఒక్క క్షణంలో ‘ఎందుకట్లయింది సార్?’ అన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది. పల్లె బడుల్లో ఈ ప్రశ్న పుట్టించడానికే అగస్త్య ఫౌండేషన్ వచ్చింది.

దాన్ని మొదలుపెట్టిన రామ్‌జీ రాఘవన్ మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో చదివారు. విదేశాల్లో బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చి, 1999లో ఈ పనికి దిగారు. ఆయనకు వెన్నుదన్నుగా పెద్దలు నిలిచారు. తండ్రి కె.వి. రాఘవన్ ఇంజనీర్స్ ఇండియా లిమిటెడ్‌కు ఛైర్మన్‌గా పనిచేశారు. అణుశక్తి కమిషన్ మాజీ అధ్యక్షుడు పి.కె. అయ్యంగార్ కూడా తోడయ్యారు.

తొలి ఆలోచన రిషివ్యాలీ లాంటి మంచి బడి ఒకటి కట్టడం. కానీ ఎంత గొప్ప బడైనా అందులో పట్టేది కొన్ని వందల మందే. అందుకే దారి మార్చారు. కుప్పం దగ్గర గుడివంకలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 172 ఎకరాల బీడు భూమిలో చెట్లు పెంచి, ప్రయోగశాలలు కట్టారు. అక్కడితో ఆగకుండా ప్రయోగాల నమూనాలను వ్యానుకెక్కించి ఊళ్లకు పంపారు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఈ వ్యానే. బడిలో సైన్సు సామాను బీరువాకు తాళం పడేది అది పగులుతుందన్న భయంతో. వ్యానులోని సామానేమో పిల్లలు ముట్టుకోవడానికే తయారైంది, చాలావరకు చవక వస్తువులతోనే. నేర్చుకున్న పిల్లలే తోటివాళ్లకు చెప్పేలా సైన్సు మేళాలు కూడా పెట్టారు.

వ్యాను పోలేని ఊళ్లకు మోటారుసైకిల్. వెనక పెట్టె, ముందు బోధకుడు. 2013లో గూగుల్ భారత్‌లో పెట్టిన పోటీలో ఈ బైకు ప్రయోగశాలకు 3 కోట్ల రూపాయల బహుమతి దక్కింది.

బడిలోనే ప్రయోగశాల పెట్టుకోవడానికి అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం కింద కేంద్రం 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. మంచి పథకమే. కానీ దానికి పెద్ద గది కావాలి, అది ఆరో తరగతి నుంచి పైవాళ్లకే. ఒకరిద్దరు టీచర్లతో నడిచే తండా బడికి అది అందదు. వరంగల్ ప్రాంతంలోని నెల్లికుదురు లాంటి మండలానికి బైకే సరిపోతుంది: పొద్దున ఒక తండా, మధ్యాహ్నం ఇంకో ఊరు. కావాల్సినవల్లా ఒక బోధకుడి జీతం, పెట్రోలు, ఒక పెట్టె. ఆ పెట్టెలోకి నమూనాలు చేసిపెట్టగల ఇంజనీరింగ్ విద్యార్థులు వరంగల్ ఎన్ఐటీలోనే ఉన్నారు.