వక్ఫ్ పైకం: ఊరి పెత్తనమా, బోర్డు పెత్తనమా?

మసీదు, దర్గా, ఖబరస్తాన్ మాన్యాల ఆదాయం ఎవరి అజమాయిషీలో ఉండాలనే పేచీ నిన్న మొన్నటిది కాదు. 1800లో మన అనంతపురం సీమ నిజాం నుండి కుంఫిణీ వారి పరమైంది. 1817 మద్రాసు రెగ్యులేషనుతో ఈ ధర్మాదాయాలపై రెవెన్యూ బోర్డు కన్ను పడింది. 1863 చట్టంతో సర్కారు చేతులు దులుపుకొని, వాటిని ధర్మకర్తలకు, కమిటీలకు వదిలింది. అడిగేవారు కరువైతే లెక్క ఎక్కడ నిలుస్తుంది? అందుకే 1923లో ముతవల్లీలు ఏటేటా జిల్లా కోర్టుకు జమాఖర్చు దాఖలు చేయాలన్నారు. 1954 చట్టం రాష్ట్ర బోర్డులకు దారి వేసింది.

1995 చట్టం ప్రకారం నికరాదాయం ఐదువేలకు తగ్గని వక్ఫ్ నూటికి ఏడు దాకా బోర్డుకు చందా కట్టాలి. 2025 సవరణ ఆ గరిష్ఠాన్ని ఐదుకు దించింది. పదివేలు మిగిలితే ఏడువందలకు బదులు ఐదువందలన్నమాట. తక్కిన రెండువందలు ఊళ్లోనే ఉంటాయి. సంతోషమే! కానీ ఆ రెండువందలు ఇమాంగారి జీతానికి చేరాయా, ఖబరస్తాన్ గోడకు చేరాయా అని జుమ్మా నాడు జమాతు ముందు చెప్పేదెవరు?

పైవారు ఆక్రమణలపై దావా నడపాలంటే పైకం కావాలి. ఊరివారికి దీపం వెలగాలంటే పైకం కావాలి. రెండు చోట్లా చిట్టా తెరిచి ఉంటేనే అమానతు నిలుస్తుంది.