భారతదేశంలో వాణిజ్య చిత్రకళా విద్య

ప్రకటన, పోస్టరు, పుస్తకం అట్ట, కథకు బొమ్మ, అగ్గిపెట్టె మీది లేబులు వంటివి అచ్చయి జనం చేతికి చేరడం కోసమే వేసే బొమ్మలు. ఆ పనిని వాణిజ్య చిత్రకళ అంటారు. కళాశాలలో దీని చదువుకు 1935ను పుట్టిన సంవత్సరంగా చెప్పడం మామూలు. బొంబాయిలోని సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో కమర్షియల్ ఆర్ట్ విభాగం తెరిచింది ఆ ఏడే. తేదీతో పేచీ లేదు. దాన్ని పట్టుకుని లలిత కళే అసలు చదువనీ, వాణిజ్య కళ ఆలస్యంగా వచ్చి చూరు కింద చేరిన చుట్టమనీ అనుకోవడంతోనే పేచీ. మన చిత్రకళా బడుల పుట్టుక చూస్తే వరుస తలకిందులవుతుంది.

మద్రాసులో 1850లో చిత్రకళా పాఠశాల పెట్టిన అలెగ్జాండర్ హంటర్ వృత్తిరీత్యా శస్త్రవైద్యుడు. అయిదేళ్లకు ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. పేరులో 'పారిశ్రామిక కళలు' అన్న మాట ఉండేది. కలకత్తాలో 1854లో తెరిచిన బడి పేరూ అలాంటిదే. బొంబాయి వర్తకుడు జంషెట్‌జీ జీజీభాయ్ 1853లో లక్ష రూపాయలు ఇవ్వజూపింది కూడా కళలతో పాటు చేతి ఉత్పత్తులు మెరుగుపడాలనే. ఆ డబ్బుతో 1857లో తెరిచిన జె.జె. బడి విద్యార్థులే తర్వాత విక్టోరియా టెర్మినస్ రైల్వే స్టేషను గోడల మీది శిల్పాలంకారంలో చేయి వేశారు. అది చెక్కడం పని, దానికీ సబ్బు ప్రకటనకూ పోలికేమిటని ఎవరైనా అడగవచ్చు. పనిముట్లు వేరే, ఒప్పుకోవాల్సిందే. కానీ పని కట్టుబాట్లు ఒకటే: అడిగేవాడు వేరొకడు, గడువు ముందే ఖాయం, రాయి ఎంత ఒప్పుకుంటే అంతే చెక్కాలి. తైలవర్ణ చిత్రానికీ, ప్రదర్శనల్లో పతకాలకూ గౌరవం పెరిగాక ఈ పుట్టుక మరుగున పడింది. మరుగున పడినా పని ఆగలేదు. జె.జె.లోనే చదివి అక్కడే అధ్యాపకుడైన ఎం.వి. ధురంధర్ (1867-1944) ఒకవైపు పెద్ద పెద్ద తైలవర్ణ చిత్రాలు వేస్తూనే పోస్టుకార్డులకూ పుస్తకాలకూ రైల్వే పోస్టర్లకూ బొమ్మలు వేశారు. ఆ పనికి బడిలో విభాగం లేకపోయినా బయట గిరాకీ ఉండేది.

1935 నాటికి మారింది ఆ గిరాకీ పరిమాణం. నీడలను చుక్కలుగా మార్చే హాఫ్‌టోన్ బ్లాకుల వల్ల పత్రికల్లో బొమ్మ చవకయింది. విదేశీ ప్రకటన సంస్థలు వచ్చాయి, జె. వాల్టర్ థామ్సన్ 1929లో బొంబాయిలో దిగింది. వాటికి కావాల్సింది ఊహ ఒక్కటే కాదు, అచ్చు యంత్రానికి ఏది పడుతుందో తెలిసిన చేయి. నీళ్ల రంగుతో మెత్తగా నీడలు దిద్దిన బొమ్మను న్యూస్‌ప్రింట్ మీద వేస్తే సిరా పీల్చుకుని మసకబారుతుంది. లైన్ బ్లాకుకు నలుపూ తెలుపూ తప్ప మధ్య రంగు తెలియదు. అందుకే చిత్రకారుడు నీడను గీతలుగా విడగొట్టాలి: బుగ్గ కింద నాలుగు సన్న గీతలు, చీకటి మూలలో గీతల మీద అడ్డగీతలు. మన వారపత్రికల కథల బొమ్మల్లో 'శైలి' అని మనం మెచ్చుకునే దాంట్లో సగం ఈ బ్లాకు పెట్టిన షరతే. అక్షరాల రాత ఇంకో పాఠం. ఇంగ్లిషు అక్షరాలకు రెండు పెన్సిలు గీతలు గీసుకుని మధ్యలో నింపుతారు. 'లక్ష్మి' అన్న మాటను అలా రెండు గీతల మధ్య పెట్టబోతే కింద ఒత్తులకు చోటు చాలదు, పైన గుడి ఇరుకున పడుతుంది. వరుసకూ వరుసకూ ఎడం పెంచితే శీర్షిక విడిపోతుంది, తగ్గిస్తే పై వరుస ఒత్తు కింది వరుస తలకట్టుకు తగులుతుంది. ఇది ఏళ్ల తరబడి చేత్తో రాస్తేనే వచ్చే లెక్క.

ఇక్కడ పెద్ద అభ్యంతరం ఒకటుంది: గొప్ప చిత్రకారులు కళాశాలకు వెళ్లారా? బాపు చదివింది న్యాయశాస్త్రం. వడ్డాది పాపయ్యకు తొలి పాఠశాల ఇల్లే. ఆర్.కె. లక్ష్మణ్‌ను జె.జె. చేర్చుకోనే లేదు. సత్యజిత్ రాయ్ శాంతినికేతన్ చదువు మధ్యలో వదిలి, 1943లో డి.జె. కీమర్ ప్రకటన సంస్థలో నెలకు 80 రూపాయలకు చేరారు. జాబితా బలమైనదే. అయితే ఇది ప్రతిభను కళాశాల పుట్టించదని రుజువు చేస్తుందే గాని చదువు అనవసరమని కాదు. కళాశాల చెప్పాల్సిన పాఠాలను రాయ్‌కు ప్రకటన సంస్థ చెప్పింది, లక్ష్మణ్‌కు పత్రికాఫీసు చెప్పింది. ఆ తలుపు అందరికీ తెరుచుకోదు. ఎదురు ఉదాహరణకూ దూరం పోనక్కర్లేదు. విక్రమార్కుడు కత్తి పట్టి, శవాన్ని భుజాన వేసుకుని నడిచే 'చందమామ' బొమ్మ వేసిన శంకర్ (కె.సి. శివశంకరన్) హంటర్ పెట్టిన మద్రాసు బడిలోనే, దేవీప్రసాద్ రాయ్ చౌధురి ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలంలో చదువుకున్నారు. నెల నెలా గడువుకు, దశాబ్దాల పాటు, చేయి తడబడకుండా గీయడానికి ప్రతిభ ఒక్కటే సరిపోదు.

స్వాతంత్ర్యం తర్వాత జె.జె.లోని విభాగం విడిపోయి అప్లైడ్ ఆర్ట్ సంస్థగా నిలిచింది. 'కమర్షియల్' పోయి 'అప్లైడ్' రావడంలో కొంత సిగ్గు కూడా ఉందనిపిస్తుంది. సంపాదనను తలపించే మాట పట్టా మీద కనపడకూడదనేమో. 1961లో అహ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చాక 'డిజైన్' అన్న మాటకు విలువ పెరిగింది. హైదరాబాదులో నిజాం కాలంలో, 1940లో మొదలైన లలిత కళల కళాశాల 1972లో ఏర్పడిన జె.ఎన్.టి.యు.లో భాగమైంది. 2008 నుంచి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఉంది. అక్కడ పెయింటింగు, శిల్పంతో పాటు అప్లైడ్ ఆర్ట్‌లోనూ బి.ఎఫ్.ఎ. ఇస్తారు.

కంప్యూటరు వచ్చాక చేతిరాత పాఠం దండగ అన్నది ఇటీవలి వాదన. రూలింగ్ పెన్ను, రబ్బరు సొల్యూషన్‌తో అంటించే ఆర్ట్‌వర్కు పోయిన మాట నిజం. పోనిది కంటి లెక్క. జె.జె.లో చదివి, ప్రకటన రంగంలో పనిచేసి, బొంబాయి ఐఐటీలో పాఠాలు చెప్పిన అక్షర చిత్రకారుడు ఆర్.కె. జోషి (1936-2008) అనేక భారతీయ లిపులకు కంప్యూటరు ఫాంట్ల రూపకల్పనను నడిపించారు. విండోస్ ఎక్స్‌పీతో లక్షల తెలుగు ఇళ్లకు చేరిన 'గౌతమి' ఫాంటు వాటిలో ఒకటి. ఒత్తు కింది వరుసకు తగలకుండా ఎంత ఎడం ఉండాలో ఆ ఫాంటులోనూ ఎవరో ఒకరు కంటితో చూసి తేల్చాల్సి వచ్చింది.