హామీ ఎవరికి? నష్టం ఎవరికి? కర్నూలు–కడప కాలువ అనుభవం

కొత్త వ్యాపార ఆలోచనతో పెద్ద సంస్థను ఆశ్రయించే వ్యక్తికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఆలోచనను ఎలా కాపాడుకోవాలి? పెట్టుబడిదారును ఎలా ఒప్పించాలి? ఈ రెండింటికీ ముందు అడగవలసిన మూడో ప్రశ్న ఒకటి ఉందని రాయలసీమ చరిత్రలోని కె.సి. కాలువ ఉదంతం తెలియజేస్తుంది. దానిని ఈ పాఠ్యభాగంలో పరిశీలిద్దాం.

1. ఆలోచన – ప్రతిపాదన

గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దానిని నిర్మించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్, డెల్టాలో కలిగిన ఫలితాన్నే రుజువుగా చూపి, తుంగభద్ర నీటిని పెన్నా లోయ మీదుగా నెల్లూరు వైపు మళ్లించే భారీ పథకాన్ని ప్రతిపాదించాడు. అదే కాలువ పొలాలకు నీరివ్వాలి, పడవలూ నడపాలి. రైతులు చెల్లించే నీటి తీరువా, సరుకు రవాణాపై వచ్చే సుంకం ఆదాయమవుతాయని అంచనా.

కాటన్ ఈ ఆలోచనను దాచుకోలేదు. పుస్తకాల ద్వారా, ప్రసంగాల ద్వారా బహిరంగంగా ప్రచారం చేశాడు. నూతన ఆవిష్కరణలకు రక్షణనిచ్చే తొలి చట్టం భారతదేశంలో 1856లోనే వచ్చింది. అయితే ఫలానా చోట కాలువ తవ్వాలన్న ఆలోచన అటువంటి చట్టం పరిధిలోకి రాదు.

2. పెట్టుబడికి రక్షణ

1858లో లండన్‌లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. అప్పటికే రైల్వే కంపెనీలకు అమలులో ఉన్న పద్ధతినే దీనికీ వర్తింపజేశారు. 10 లక్షల పౌండ్ల మూలధనంపై ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. అంటే లాభం వచ్చినా రాకపోయినా వాటాదారులకు ఏటా 50 వేల పౌండ్లు అందుతాయి. ఆ సొమ్ము భారతదేశపు రెవెన్యూ నుంచి, అంటే ఇక్కడి ప్రజలు కట్టే పన్నుల నుంచి రావాలి. రక్షణ పొందింది ఆలోచన కాదు, పెట్టుబడి.

కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, 1863–1870 మధ్య కడప వరకు సుమారు 306 కిలోమీటర్ల కాలువ తవ్వారు. ఖర్చు అంచనాలను మించిపోవడంతో కంపెనీ ప్రభుత్వం వద్ద అప్పు చేసింది. తొలి పథకంలో మిగిలిన భాగాలు కాగితంపైనే ఉండిపోయాయి.

3. రైతు లెక్క

కంపెనీ ఆశించినంతగా రైతులు నీటిని తీసుకోలేదు. ఇది రైతుల అజ్ఞానమని కొట్టిపారేయడం సరికాదు. కుందూ లోయలోని నల్లరేగడి తేమను నిలుపుకుంటుంది. వాన సరిగా పడిన ఏడు జొన్నకూ పత్తికీ కాలువ నీటి అవసరం అంతగా ఉండదు. వరికి మారాలంటే మడులు కట్టాలి, ఎక్కువ పెట్టుబడి పెట్టాలి, పైగా తీరువా చెల్లించాలి. డెల్టాలో నిజమైన లెక్క మెట్ట నేలలో నిజం కాలేదు.

1876–78 నాటి ధాత కరువు తరువాత, 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు నీటిపారుదల పనుల లాభనష్టాలపై విచారణ జరిగింది. కాటన్ అక్కడ కాలువలను గట్టిగా సమర్థించాడు. చివరకు 1882లో ప్రభుత్వమే సుమారు 3.02 కోట్ల రూపాయలకు కె.సి. కాలువను కొన్నది. కంపెనీ తప్పుకుంది, భారం ఖజానాపై పడింది.

అంతమాత్రాన ఆలోచన వ్యర్థమని చెప్పలేం. నేడు ఈ కాలువ కింద నిర్ణయించిన ఆయకట్టు సుమారు 2.65 లక్షల ఎకరాలు. కృష్ణా జలాల తొలి ట్రిబ్యునల్ దీనికి 39.9 టి.ఎం.సి.ల నీటిని కేటాయించింది. వాటాదారుకు లాభసాటి కాని పని సమాజానికి ఉపయోగకరం కావచ్చు. ఈ రెండు లెక్కలనూ విద్యార్థులు వేరుగా చూడాలి.

4. సారాంశం

నేటి పేటెంటు చట్టం (1970) కూడా కేవలం వ్యాపార పద్ధతిని ఆవిష్కరణగా అంగీకరించదు. అందువల్ల సంస్థకు వివరాలు చెప్పేముందు గోప్యతా ఒప్పందం రాయించుకోవడం మంచిది. అయితే ఏ ఒప్పందమూ సరుకుకు గిరాకీని సృష్టించలేదు. కాబట్టి మూడో ప్రశ్న ఇది: దీనిని వాడుకోవలసిన వ్యక్తికి ఇది గిట్టుబాటవుతుందా? లండన్‌లో వాటాలు అమ్మినప్పుడు కుందూ లోయ రైతును ఆ ప్రశ్న అడిగి ఉంటే, కాలువ చరిత్ర మరోలా ఉండేది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. హామీ వడ్డీ విధానంలో నష్టభారం ఎవరిపై పడింది?
2. నల్లరేగడి రైతులు కాలువ నీటిపై ఆసక్తి చూపకపోవడానికి కారణాలేమిటి?
3. మీ ప్రాంతంలోని ఒక ప్రాజెక్టుకు వాణిజ్య లాభం, సామాజిక ప్రయోజనం అనే రెండు లెక్కలనూ అన్వయించి చర్చించండి.