గడపలో ఇద్దరు సాక్షులు

మా పెద్దనాయన జన్మలో కోర్టు మెట్లెక్కింది ఒక్కసారే. అదీ ముద్దాయిగా కాదు, ఫిర్యాదీగానూ కాదు, మధ్యవర్తిగా. 1968లో ఆత్మకూరులో మా వీధి చివర ఓ ఇంట్లో దొంగసొత్తు ఉందని సోదా చేస్తూ, దారిన పోతున్న ఆయన్ను పిలిచి నిలబెట్టారు. అంతా అయ్యాక పంచనామా ముందు పెడితే, కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయిన పెద్దమనిషి చదవకుండానే సంతకం గీకేశాడు.

ఏడాది తిరిగాక సమను వచ్చింది. బోనెక్కాక ప్లీడరుగారు "బిందెలెన్ని?" అనడిగారు.

"రెండో మూడో ఉంటాయి సామీ!"

కాగితంలో ఉన్నవి అయిదు. ఈయన లెక్కపెట్టనే లేదు! ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగా ముట్టలేదు. "నా సంతకంతో ఒక సంసారం కూలిపోయేదేమో రా అబ్బీ" అని చాలాకాలం అంటూండేవాడు.

ఇంతకీ ఈ మధ్యవర్తులు దేనికి? 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 103వ సెక్షను ఏం చెప్పిందంటే, సోదాకు ముందే ఆ చుట్టుపక్కల గౌరవంగా బతికేవాళ్ళను ఇద్దరినైనా పిలవాలి. వాళ్ళ కళ్ళెదుటే వెతకాలి. ఏది ఎక్కడ దొరికిందో జాబితా రాసి వాళ్ళచేత సంతకాలు పెట్టించాలి. ఇంటాయన్ను దగ్గరుండనివ్వాలి. అడిగితే జాబితా నకలు ఇవ్వాలి. 'అడిగితే' అన్న మాట చూశారా? పోలీసులు ఇంటినిండా ఉంటే అడిగే ధైర్యం ఎవరికుంటుంది? 1974 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన కొత్త కోడులో ఇది 100వ సెక్షనయింది. ఆ 'అడిగితే' పోయింది, అడక్కపోయినా నకలివ్వాల్సిందే. నాకైతే ఆ ఒక్క మాట కొట్టేయడమే పెద్ద సంస్కరణ.

అయితే ఈ పాటి గడప కూడా అందరికీ ఉండేది కాదు. ఆత్మకూరు దగ్గరే సిద్ధాపురంలో తెల్లదొరల కాలంలో ఒక సెటిల్మెంటు ఉండేది. 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం జాతి జాతినే నేరస్థులుగా ప్రకటించి, పేర్లు రిజిస్టరుకెక్కించి, వేలిముద్రలు తీసుకోనిచ్చింది. వాళ్ళ ఇళ్ళను తనిఖీ చేయడానికి సర్కారు రూల్సు రాసుకునే వీలు ఆ చట్టంలోనే పెట్టారు. ఫలానా మనిషి, ఫలానా వస్తువు అన్న ప్రశ్నే లేదు, పుట్టుకే వారంటు! మద్రాసు ప్రభుత్వం 1947లో దాన్ని ఎత్తేసింది. దేశమంతటా రద్దయింది 1952లో.

పోనీ, స్వరాజ్యం వచ్చాక ఆ బుద్ధి పూర్తిగా పోయిందా? 1986లో మన ఆంధ్రప్రదేశ్ స్టాంపుల చట్టం 73వ సెక్షనును సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకుల్లోకైనా వెళ్ళి దస్తావేజులు తనిఖీ చేసి, పట్టుకుపోవచ్చన్నారు. బ్యాంకులు కోర్టుకెక్కాయి. హైకోర్టు కుదరదంది. 2004లో సుప్రీంకోర్టూ అదే అంది. ఏకాంతపు హక్కు ఉన్నది చోటుకు కాదు, మనిషికి. అతని కాగితాలు బ్యాంకులో ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదు అని తేల్చింది.

2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. మధ్యవర్తుల నిబంధన మళ్ళీ 103వ నంబరుకే చేరింది. పైగా 105వ సెక్షను ప్రకారం సోదానూ, జాబితా రాయడాన్నీ, సాక్షుల సంతకాలనూ సెల్‌ఫోనులోనైనా వీడియో తీసి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. మంచిదే. ఫోను బిందెల్ని చూపిస్తుంది. కానీ కాగితంలో రాసిన అంకె సరిగా ఉందో లేదో చదివి చూడాల్సింది మాత్రం ఇప్పటికీ మనిషే.

కాబట్టి ఎప్పుడైనా మిమ్మల్ని మధ్యవర్తిగా పిలిస్తే, నాకెందుకొచ్చిన గొడవని తప్పించుకోకండి. రాతపూర్వకంగా పిలిచాక సరైన కారణం లేకుండా రాననడం కూడా నేరమే. వెళ్ళండి, లెక్కపెట్టండి, చదవండి, ఆ తర్వాతే సంతకం. కళ్ళద్దాలు మాత్రం మరిచిపోకండి!