మంద తప్పిన గొర్రె: పశువుల నాడీ పరీక్ష చరిత్ర

మనిషికి తలనొప్పి వస్తే చెబుతాడు. గొర్రె చెప్పలేదు. దాని మెదడులో ఏం జరుగుతున్నదో నడకను, చూపును, తల వాల్చే తీరును బట్టి మనమే తెలుసుకోవాలి. పశువైద్యంలో దీన్నే నాడీ పరీక్ష అంటారు. ఇక్కడ నాడి అంటే వైద్యుడు మణికట్టు పట్టుకుని చూసే నాడి కాదని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఇది మెదడు, వెన్నుపాము, నరాల పనితీరుకు సంబంధించిన పరీక్ష.

2019 పశుగణన ప్రకారం దేశంలోని 7.43 కోట్ల గొర్రెల్లో తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు ఉన్నాయి. అంటే దాదాపు సగం మనవే. మందలో ఒక గొర్రె వెనకబడి, తల ఒక పక్కకు వాల్చి, ఒకే దిశలో గిర్రున తిరగడం మొదలుపెడితే ముందుగా కనిపెట్టేది కాపరే. ఈ జబ్బును ఇంగ్లీషులో గిడ్ అంటారు.

గిర్రున తిరిగే గొర్రె మెదడులో నీటితిత్తి ఉంటుందని ఐరోపాలో చాలాకాలంగా తెలుసు. అది ఒక పురుగు తాలూకు తిత్తి అని 1780లో జర్మనీ శాస్త్రవేత్త లెస్కే వివరించాడు. 1850ల దశకంలో కూకెన్‌మైస్టర్ అనే వైద్యుడు ఆ తిత్తులను కుక్కలకు తినిపించి, వాటి పేగుల్లో బద్దెపురుగులు పెరగడం చూశాడు. ఆ పురుగు ముక్కలను గొర్రెలకు తినిపిస్తే వాటికి గిడ్ వచ్చింది. దాంతో చక్రం పూర్తయింది. కోసిన గొర్రె తలను కుక్క తింటుంది, కుక్క మలంతో గుడ్లు మేతలో కలుస్తాయి, గొర్రె ఆ మేత తింటుంది. పిల్ల పురుగు రక్తం ద్వారా మెదడుకు చేరి నెలల తరబడి తిత్తిగా పెరుగుతుంది.

తిత్తి ఏ భాగంలో ఉందో బయటి నుంచే అంచనా వేయవచ్చు. పెద్ద మెదడులో ఒక పక్క ఉంటే గొర్రె సాధారణంగా ఆ పక్కకే తిరుగుతుంది, ఎదురు పక్క కన్ను చూపు కోల్పోతుంది. అనుమస్తిష్కంలో ఉంటే తిరగడం కంటే తూలడం ఎక్కువ. తిత్తి పైభాగానికి దగ్గరగా ఉంటే పుర్రె ఎముక పలచబడి బొటనవేలికి మెత్తగా తగులుతుంది. పశువైద్యులు అక్కడ రంధ్రం చేసి తిత్తిని తీస్తారు. అయితే తిరిగే దిశ ఒక్కటే చూసి చోటు నిర్ణయిస్తే పొరపాటు జరగవచ్చు. చూపునూ ఎముకనూ కూడా కలిపి చూడాలి.

పుర్రెను తట్టి శబ్దం వినడం కూడా ఈ పరీక్షలో భాగమే. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ లాంటి రైల్వే కాలనీల్లో పెరిగిన తెలుగు పిల్లలకు గొర్రెల మంద కన్నా రైలు పెట్టె ఎక్కువ పరిచయం. రైలు చక్రాన్ని సుత్తితో కొట్టి, శబ్దాన్ని బట్టి పగులును కనిపెట్టే పద్ధతిని వారి పెద్దలు ఎరుగుదురు. 1761లో వియన్నా వైద్యుడు ఔయెన్‌బ్రుగ్గర్ మనిషి ఛాతీని తట్టి రోగం గుర్తించే విధానాన్ని ప్రచురించాడు. సూత్రం ఒక్కటే.

హైదరాబాదులో 1946లోనూ, బాపట్లలో 1955లోనూ (తర్వాత తిరుపతికి మారింది) పశువైద్య కళాశాలలు వెలిశాయి. అక్కడి విద్యార్థికి ఆవు మరో సమస్య. నాలుగైదు వందల కిలోల జంతువును పడుకోబెట్టి ప్రతీకార చర్యలు చూడటం సులువు కాదు. అందుకే మొదట దూరం నుంచి నడక చూస్తారు. తర్వాత కంటి ముందు చెయ్యి ఆడించి రెప్ప వేస్తుందా అని, చెవి తాకితే కదిలిస్తుందా అని, నాలుక లాగితే వెనక్కి లాక్కుంటుందా అని కపాల నాడులను పరీక్షిస్తారు.

ఈ చూపు ఎంత విలువైనదో ఇంగ్లండు అనుభవం చెబుతుంది. 1984 డిసెంబరులో ససెక్స్‌లోని ఒక పాడి క్షేత్రంలో నడుము వంచి, తల వణికిస్తున్న ఆవును పశువైద్యుడు చూశాడు. 1986లో గుర్తించిన 'మ్యాడ్ కౌ' వ్యాధి అదే. బ్రిటన్‌లో 1.8 లక్షలకు పైగా పశువుల్లో అది నిర్ధారణ అయింది.

మన పల్లెల్లో అసలు ప్రమాదం రేబిస్. ఆవు చొంగ కారుస్తూ, మింగలేక అవస్థ పడుతుంటే గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని రైతు నోట్లో చెయ్యి పెడతాడు. అది గొంతు నరాల పక్షవాతం కావచ్చు. అలాంటప్పుడు తొడుగులు లేకుండా నోరు తాకకూడదు. చెయ్యి పెట్టినవారు వెంటనే సబ్బుతో కడుక్కుని, టీకా కోసం ఆసుపత్రికి వెళ్ళాలి. పశువు చనిపోయాక దాని మెదడును ప్రయోగశాలలో పరీక్షిస్తారు. ఇటలీ శాస్త్రవేత్త నెగ్రి 1903లో మెదడు కణాల్లో గుర్తించిన చుక్కలు చాలాకాలం రేబిస్‌కు సాక్ష్యంగా నిలిచాయి. ఇప్పుడు మెరిసే రంగు పూసిన యాంటీబాడీలతో వైరస్‌నే పట్టుకుంటున్నారు.