గోదావరి బండలు – తేలిక దోనె



ఓరుగల్లు ప్రాంతమువారికి రామప్పగుడి యిటుకను గూర్చి క్రొత్తగా చెప్ప బనిలేదు. 1213 వ సంవత్సరమున రేచర్ల రుద్రుడు కట్టించిన యా యాలయపు శిఖరమునందలి యిటుకను నీటిలో వేసినచో తేలును. క్రింది కట్టడముపై శిఖరభారము తగ్గవలెనని శిల్పులు అట్టి తేలిక యిటుకను కాల్చిరి. బరువు తక్కువగా నుండవలెను. అయినను బలిమి చెడరాదు. శిఖరమునకు వర్తించిన యీ సూత్రమే వడిగల నీటిపై నడచు నావకును వర్తించును. అట్టి తేలిక నావ చరిత్రము, అందును మన గోదావరి దోనె చరిత్రము, నేటి నా ప్రసంగవిషయము.

దోనె యను మాటకు మూలము సంస్కృతమునందలి ద్రోణీ శబ్దము. ద్రోణి యనగా తొట్టి. ఒక మ్రానును తొట్టివలె తొలిచినచో దోనె యగును. కఱ్ఱలను ప్రక్కప్రక్కన చేర్చి కట్టినచో తెప్ప. వెదురుబద్దలతో బుట్టవలె నల్లి పైన తోలు కప్పినచో పుట్టి. దానినే హరిగోలు అనియు నందురు. రెండు దోనెలను జతపఱచి కట్టినచో సంగడి. సంగడి యనగా స్నేహమనియు నర్థము కలదు. మిత్రుని సంగడీడు అందుము. ఒంటిగా నున్నప్పుడు తటాలున నొరిగిపోవు దోనె, తోడు దొరకినంతనే నిలకడ చెందును. ఈ మాట మిక్కిలి ప్రాచీనమైనది. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున మన సముద్రతీరములను గూర్చి వ్రాసిన యొక గ్రీకు నావికుడు, తూర్పుతీరమున మ్రానులను జతగా కట్టిన పెద్ద పడవలను సంగర యను పేర బేర్కొనినాడు.

మన పూర్వులు కఱ్ఱ తేలికతనమును శాస్త్రదృష్టితో విచారించిరి. భోజునకు ఆరోపింపబడిన యుక్తికల్పతరువను గ్రంథమున నావకు వలసిన కఱ్ఱలు నాలుగు జాతులుగా విభజింపబడినవి. తేలికయు మెత్తనయు నైనది యొకటి. తేలికయు గట్టిదియు నైనది రెండవది. మెత్తనైనను బరువైనది మూడవది. గట్టిదియు బరువైనదియు నాలుగవది. వీనిలో నావకు రెండవదియే శ్రేష్ఠమని యా గ్రంథము చెప్పుచున్నది. కేవలము గట్టితనమును కోరినచో నావ మునుగును. కేవలము తేలికను కోరినచో నావ పగులును.

విజయనగరమును 16 వ శతాబ్దపు పూర్వభాగమున దర్శించిన పేస్ అను పోర్చుగీసువాడు తుంగభద్రపై పుట్టులను జూచి యాశ్చర్యపడెను. లోపల బెత్తపుటల్లిక, వెలుపల తోలు. ఒక్కొక్క దానిలో పదునైదు ఇరువదిమంది దాటుదురనియు, తెడ్డు వేయుచుండగా నవి గిరగిర తిరుగుచునే సాగుననియు అతడు వ్రాసినాడు. రాళ్లు నిండిన యా నదిలో మోతుబరి నావకు చోటులేదు. తోలుపుట్టి బండకు తగిలినను వంగి, జాఱి, తప్పుకొనును.

ఇక నా యనుభవ మొకటి మనవి చేసెదను. 1983 వ సంవత్సరమున నేను ఏటూరునాగారము ప్రాంతమున గోదావరి యొడ్డు గ్రామమొకదాని బడిలో తెలుగు పండితుడనుగా చేరితిని. ముల్లకట్ట యొద్ద నాడు వంతెన లేదు. అవతలి యొడ్డు పల్లెల పిల్లలను బడిలో చేర్చుటకై, దసరా సెలవులు ముగిసినతోడనే, పుస్తకముల పెట్టెతో రేవునకు బోయితిని. వరద తీసినది, బండల తలలు నీటిపైకి దేలినవి, వాని నడుమ నీరు నురుగులు గ్రక్కుచుండెను. దోనె నడపు వృద్ధుడు నా పెట్టెను ఒకమారెత్తి చూచి మరల నిసుకపై బెట్టెను.

“పంతులూ, పెట్టె ఇంకో తడవ తెస్త. ముందుగాల నువ్వు రా. నిలవడకు, మోకాళ్ల మీద కూసో.”

“పుస్తకములు లేనిదే నేను పోయి ఏమి చేయుదును, తాతా?” అని నేనంటిని.

“నువ్వుంటే సదువు చెప్తవు. నువ్వు మునిగినంక బుక్కు లేం చెప్తయి?”

నేను మాఱుమాట లేక మోకరిల్లితిని. మోకరిల్లినప్పుడు దేహభారము క్రిందికి దిగును, దోనె పొరలదు. అతడు తెడ్డును బలముగా వేయుట నేను చూడలేదు. నీటిని చదువుచుండెను. రెండు బండల నడుమ నాలుకవలె నునుపుగా సాగిన దారిలో లోతు కలదు. అందు దోనెను విడిచెను. నునుపుగా నుబ్బి కనబడిన చోట నీటి క్రింద బండ దాగియున్నది, దానిని తొలగెను. పెద్దబండ వెనుక నీరు వెనుకకు మరలి సుడియగును. అచ్చట దోనెను నిలిపి, ఊపిరి తీసికొని, ముందటి దారిని చూచుకొనెను. “నీళ్లతోని కొట్లాడొద్దు పంతులూ, నీళ్లు చెప్పినట్టు ఇనాలె” అనెను. నేను చదివిన యే శాస్త్రమునందును ఇంత క్లుప్తమైన నౌకానయము లేదు.

ఆ బండలే యొకప్పుడు గొప్ప ప్రభుత్వ ప్రయత్నము నడ్డగించినవి. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరము ఆనకట్టను నిర్మించిన ఆర్థర్ కాటన్ దొరగారికి గోదావరిని పైవఱకు నౌకామార్గముగా జేయవలెనని సంకల్పము కలిగెను. నాగపురము, విదర్భ ప్రాంతముల ప్రత్తి ఏటివెంట సముద్రమునకు దిగవలెనని ఆశ. అమెరికాలో 1861 మొదలు 1865 వఱకు జరిగిన యంతర్యుద్ధముచే ఇంగ్లండు మిల్లులకు ప్రత్తి కఱవై యీ ఆశ బలపడినది. మార్గమున మూడు అడ్డంకు లుండెను. దుమ్ముగూడెము నొద్ద మొదటిది. ఇంద్రావతీసంగమ ప్రాంతమున ఇంచంపల్లి యొద్ద రెండవది. ప్రాణహితపై దేవలమర్రి యొద్ద మూడవది. హేగ్ అను ఇంజనీరు ఆధ్వర్యవమున, బండలను తప్పించి ప్రక్కగా కాలువలు త్రవ్వి లాకులు కట్టు పని సాగెను. దుమ్ముగూడెపు టానకట్ట యా ప్రయత్నమునకు గుర్తు. కాని నదిలో పెద్దపడవలకు చాలు నీరు ఏటిలో కొన్ని నెలలే యుండును, 1867 లో నాగపురమునకు రైలుదారి వచ్చెను, ఖర్చు పెరిగెను. 1871 లో పని నిలిపివేయబడెను.

కాటన్ దొరగారి కీర్తికి దీనివలన కొఱత లేదు. డెల్టా రైతు ఆయనను నేటికిని తలచుకొనును. నేను చెప్పదలచినది వేఱు. పెద్దనావ నడువవలెనన్న నదినే మార్పవలసి వచ్చెను. దోనె నడువవలెనన్న మనుజుడు నదిని తెలిసికొనిన జాలును.

ఈ సత్యము మన దేశమున మాత్రమే తెలిసినది కాదు. కెనడా దేశపు ఆదిమజనులు భూర్జవృక్షపు పట్టతో పైకప్పులేని దోనెలు చేసిరి. కాశ్మీరమున మన గ్రంథములు వ్రాయబడిన భూర్జపత్రము ఆ జాతి చెట్టుదే. ఇంగ్లీషువారి బర్చి యను పేరును మన భూర్జ శబ్దమును ఒక్క మూలమునుండి పుట్టినవే. పట్టను వేళ్లతో కుట్టి, బంకతో సందులు పూడ్చి చేసిన యా దోనెను, నడువరాని జలపాతము వచ్చినపుడు భుజముపై నెత్తుకొని గట్టుదారిన మోసికొని పోయెడివారు. 1945 ప్రాంతమున విమానములు చేయు అమెరికా సంస్థ యొకటి అల్యూమినియముతో దోనెలు చేసెను. పిమ్మట గాజునార, ప్లాస్టిక్ పొరలు వచ్చినవి. నేడు కొండయేళ్లలో క్రీడకై దోనె నడపువారు ముందు వెనుకల గాలితిత్తులు కట్టుదురు. తిత్తి యున్నచోట నీరు చేరదు గనుక దోనె బరువెక్కదు. అయినను వారును మోకరిల్లియే కూర్చుందురు, ఒంటితెడ్డే వేయుదురు, బండవెనుక సుడిలోనే నిలుతురు. వస్తువు మాఱినది, విద్య మాఱలేదు.

మన ప్రాంతమున ఆ విద్య యేమైనది? 2019 సెప్టెంబరు 15 న కచ్చులూరు నొద్ద, వరదగోదావరిలో, విహారపడవ మునిగి యనేకులు మరణించిరి. వారిలో మన కడిపికొండవారును కలరు. 2023 జూలైలో రామప్పగుడి యున్న వెంకటాపురము మండలమున, లక్ష్మీదేవిపేటలో, ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. జంపన్నవాగు పొంగి కొండాయి గ్రామమున ప్రాణములు గొనెను. సమ్మక్క కుమారుడు జంపన్న పేర పిలువబడు వాగది. హెలికాప్టరులు వచ్చినవి, సంతోషమే. కాని ఆకాశమునుండి సహాయము దిగువఱకు నడుమ గడచు ఝాములలో, నీటిని చదువగల మనిషి, ఒక తేలిక దోనె, రెండు తెడ్లు ఊరిలోనే యుండిన నెంత మేలు!

వంతెనలు వచ్చినవి, రావలసినవే. దోనె బ్రతుకుదెరువు కాకపోయినను విద్యగా మిగులవచ్చును. ఏటియొడ్డు బడులలో పిల్లలకు ఈత నేర్పవలెను. తేలుచొక్కా తొడిగి తెడ్డు పట్టింపవలెను. నీటిదారుల పేళ్లు, సుడుల గుర్తులు ముసలి పడవవారి నోటనుండి వ్రాసికొనవలెను. వారు పోయిన పిమ్మట ఆ పుస్తకము ఏ గ్రంథాలయమునను దొరకదు.

తుదకు మరల నా వృద్ధుని తలచుకొందును. ఆనాడు సాయంకాలము నన్ను దింపి, ఒంటరిగా మరలిపోవుచు, అతడు ఒడ్డునుండి బండరాయి నొకదానిని దెచ్చి దోనె ముందుభాగమున బెట్టెను. “పొద్దున నా పెట్టె బరువంటివి, ఇప్పుడు రాయి నెత్తుకొంటివేమి తాతా?” అని యడిగితిని. “ఒక్కన్నే ఎనక కూసుంటె ముక్కు పైకి లేస్తది. గాలి తిప్పుతది” అనెను. తేలిక యనగా బరువు లేకుండుట కాదు. ఎంత బరువు ఎచ్చట నుండవలెనో యెఱుగుట యని నాకు నాడు తెలిసినది. మఱునాడు ఉదయమున నా పుస్తకముల పెట్టె, ఒక్క పుట తడియకుండ, బడి యరుగుపై నుండెను.