స్వాతంత్ర్యోద్యమంలో దిగువ కృష్ణా డెల్టా స్త్రీలు

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల స్త్రీలు జాతీయోద్యమంలో చేసిన పనికి సమగ్ర చరిత్ర రాలేదు. ఆంధ్ర జాతీయోద్యమ స్త్రీలనగానే గోదావరి వైపు దువ్వూరి సుబ్బమ్మ, గుంటూరు వైపు ఉన్నవ లక్ష్మీబాయమ్మ గుర్తుకొస్తారు. కృష్ణా ముఖద్వారం వైపు అలా జనం నోట నిలిచిన పేరు లేదు. ఇక్కడి స్త్రీలు వెనకబడి ఉన్నారని దీనికి అర్థం చెప్పుకోనక్కరలేదు. ఉద్యమ చరిత్రలు జైలు రికార్డులను, సభల తీర్మానాలను, పత్రికా వార్తలను ఆధారం చేసుకుని రాసినవి. సత్యాగ్రహ శిబిరాలకు వండి పెట్టిన చేతులు ఆ మూడింటిలో దేనికీ ఎక్కవు.

నేపథ్యం. బందరులో స్త్రీల సంఘటిత జీవితం ఉద్యమం కన్నా ముందే మొదలైంది. భండారు అచ్చమాంబ (1874–1905), ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి 1902లో ఇక్కడ బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు. కృష్ణాపత్రిక పుట్టిందీ ఆ ఏడాదే, ఆ ఊళ్ళోనే. అచ్చమాంబ పెనుగంచిప్రోలులో పుట్టారు. బడి చదువు లేకుండానే పలు భాషలు నేర్చుకుని, స్త్రీల జీవితచరిత్రల సంపుటి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు. తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి ఆద్యుడైన కొమర్రాజు లక్ష్మణరావు ఆమె తమ్ముడు. బృందావన స్త్రీ సమాజాన్ని స్వాతంత్ర్యోద్యమానికి నేరుగా ముడిపెట్టే రచనలు కొన్ని ఉన్నాయి గానీ, అది కొంత అతిశయమే. స్త్రీలు గడప దాటి ఒకచోట కూర్చుని మాట్లాడుకునే అలవాటుకు అది పునాది వేసిందనడం సమంజసం.

నిధులు, నగలు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ సంఘ సమావేశం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు లక్ష్యంగా పెట్టుకుంది. ఈ మూడింటిలో మొదటిదీ చివరిదీ ఇంటి ఆడవాళ్ళు పూనుకోకపోతే జరిగేవి కావు. ఒంటి మీది నగలు ఒలిచి ఇవ్వడం ఆ రోజుల్లో తరచుగా కనిపించే దృశ్యం. అప్పటికి కృష్ణా జిల్లాలోనే ఉన్న ఏలూరు వైపు నుంచి మాగంటి అన్నపూర్ణాదేవి తన ఆభరణాలన్నీ గాంధీకి సమర్పించారు. 1927లో ఆమె చిన్న వయసులోనే చనిపోయినప్పుడు గాంధీ తన పత్రికలో ఆమెను స్మరించారు. అలాంటి స్మరణకు నోచుకోని దాతలే ఎక్కువ. స్త్రీధనం తప్ప తమదంటూ మరో ఆస్తి లేని కాలంలో ఆ నగలెంత విలువైనవో చందా పట్టీలను బట్టి తెలియదు.

జెండా కథనాలు. ఈ ప్రాంతం తనదిగా చెప్పుకునే జెండా కథలోనూ ఒక స్త్రీ పేరు వినిపిస్తుంది. బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య (జన్మ సంవత్సరం 1876 అనీ, 1878 అనీ రెండు మాటలున్నాయి) ఆ బెజవాడ సమావేశ సమయంలో గాంధీకి జెండా నమూనా ఇచ్చారు. రాట్నం గుర్తు జలంధరుకు చెందిన లాలా హన్స్‌రాజ్ సూచన అంటారు. 1947లో రాట్నం స్థానంలో ధర్మచక్రం వచ్చిన రూపాన్ని హైదరాబాదుకు చెందిన సురయ్యా త్యాబ్జీ చిత్రించారని ఆ కుటుంబం వారు, కొందరు రచయితలు చెబుతారు. వెంకయ్య, సురయ్యల ప్రస్తావనలను పోటీ కథనాలుగా చూపడం ఈ మధ్య పరిపాటి అయింది. ఇరవై ఆరేళ్ళ ఎడంతో వచ్చిన రెండు రూపాలకు ఇద్దరు కర్తలు ఉండటంలో వైరుధ్యమేమీ లేదు. వెంకయ్య గౌరవానికి లోటు రాకుండానే సురయ్య పేరూ చెప్పుకోవచ్చు.

ఉప్పు సత్యాగ్రహం. గాంధీ అరెస్టయిన మర్నాడు, 1930 మే 6న, బందరు కోనేరు సెంటరులో తోట నరసయ్యనాయుడు స్పృహ తప్పేదాకా లాఠీ దెబ్బలు తిన్నా జెండా వదల్లేదు. ఈ ఘట్టం ఊరి చరిత్రలో స్థిరపడింది. ఆ వేసవి అంతా శిబిరాలకు బియ్యం, మజ్జిగ అందించినవారి సంగతి మాత్రం స్థిరపడలేదు. విదేశీ వస్త్రాల కొట్ల ముందు, కల్లు దుకాణాల ముందు పికెటింగుల్లో ఆంధ్రమంతటా స్త్రీలు నిలబడ్డారు. శిక్ష పడిన స్త్రీలను చాలావరకు రాయవేలూరు జైలుకు పంపేవారు. దివిసీమ వైపు ఆధారాలు పలచన. అక్కడి ఉద్యమ స్మృతిలో చల్లపల్లి జమీందారీ వ్యతిరేక రైతు పోరాటాలదే పెద్ద పాలు. వాటిలోనూ ఆడకూలీల పాత్ర ప్రస్తావనలకే పరిమితమైనట్లు కనిపిస్తుంది.

ముదునూరు. గుడివాడ, ఉయ్యూరుల నడుమ ఉన్న ఈ ఊరికి 1940లో గోపరాజు రామచంద్రరావు (గోరా), సరస్వతీ గోరా (1912–2006) పిల్లలతో వచ్చి స్థిరపడ్డారు. గోరా అంతకు ముందు బందరు హిందూ కళాశాలలో అధ్యాపకులు. ఆ ఏడాది ఆగస్టులో వారి నాస్తిక కేంద్రం ఇక్కడే మొదలైంది, 1947లో విజయవాడకు మారింది. సరస్వతికి పదేళ్ళకే పెళ్ళయింది. సహపంక్తి భోజనాలు, వయోజన విద్య, అంటరానితనం మీద పోరు గోరా పేరుతో చెప్పుకుంటారు. అయితే ఆ పంక్తికి వంట ఎవరిది, అందుకు ఊళ్ళో మాటలు పడ్డదెవరు అని అడిగితే సమాధానం సరస్వతి వైపే తిరుగుతుంది. క్విట్ ఇండియా కాలంలో ఆమె రెండున్నరేళ్ళ కొడుకు నియంతను చంకనేసుకుని జైలుకు వెళ్ళారు. ఆ ఇంటి పిల్లల పేర్లే ఒక కాలక్రమ పట్టిక. ఉప్పు సత్యాగ్రహం ఏట పుట్టినవాడు లవణం, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏట పుట్టినవాడు సమరం.

పామర్రు. కొండపల్లి కోటేశ్వరమ్మ ఇక్కడే పుట్టారు. 1918 ఆగస్టు 5 అనే తేదీ ఎక్కువగా వాడుకలో ఉంది, 1920 అనే లెక్కా కొన్ని చోట్ల కనిపిస్తుంది. 2018 ఆగస్టులో నూరేళ్ళ పండుగ జరిగింది గనుక మొదటి తేదీనే ఇక్కడ తీసుకున్నాం. నాలుగైదేళ్ళకు పెళ్ళి, ఊహ తెలిసేలోగా వైధవ్యం. చిన్ననాడే జాతీయ గీతాలు పాడుతూ ఉద్యమంలోకి వచ్చి, జొన్నపాడులో పెరిగిన కొండపల్లి సీతారామయ్యను పునర్వివాహం చేసుకున్నారు. కమ్యూనిస్టు పార్టీ, మహిళా సంఘం, ప్రజానాట్యమండలి ఆమె కార్యక్షేత్రాలు. బుర్రకథను మోటూరి ఉదయం తదితరులు స్త్రీల దళంగా చెప్పిందీ ఈ కాలంలోనే. 1948 తర్వాత కోటేశ్వరమ్మ కొన్నేళ్ళు అజ్ఞాతంలో, పిల్లలకు దూరంగా గడిపారు. డెన్‌లో (రహస్య స్థావరంలో) సంసారం నటిస్తూ దళాన్ని కాపాడే బాధ్యత స్త్రీలదే. ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చింది. ఈ ప్రాంత ఉద్యమాన్ని ఇంటి లోపలి నుంచి చూపించే గ్రంథం ఇంతకు మించినది మరొకటి లేదు.

ఆ అజ్ఞాత కాలంలోనే, 1949లో, గుడివాడ, ఉయ్యూరు ప్రాంతాల్లోని ఎలమర్రు, కాటూరుల మీద పోలీసులు పడ్డారు. మగవాళ్ళను వివస్త్రులను చేసి గాంధీ విగ్రహం దగ్గరికి నడిపించారని, స్త్రీలనూ వదల్లేదని కమ్యూనిస్టు పార్టీ రచనలు నమోదు చేశాయి. స్వాతంత్ర్యం వచ్చాక జరిగింది గనుక ఇది వేరే అధ్యాయమనేవారున్నారు. బాధితుల్లో చాలామందికి ఇది అదే పోరాటపు కొనసాగింపు.

గుర్తింపు. 1972 నుంచి అమలైన కేంద్ర సమరయోధుల పింఛనుకు ఆరు నెలల జైలు శిక్ష ప్రధాన అర్హత. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి దాన్ని మూడు నెలలకు కుదించారు. ఈ సడలింపు జైలుకెళ్ళినవారికి ఊరటే. శిబిరానికి వండినవారికి, పరారీలో ఉన్నవారికి అన్నం మూట చేరవేసినవారికి, నగలిచ్చినవారికి ఏ జైలరూ ధ్రువపత్రం రాసివ్వలేడు.